మీకు తెలుసా? గట్టు మీది చెట్టుకూ ఒక బడి ఉంది!

కాస్త దగ్గరికి జరగండి. చెవిలో చెప్పాల్సిన మాటలివి! నందిగామ మెరకలో మీకు 2 ఎకరాల సుబాబుల్ ఉందా? బందరు ఇసుక నేలలో సరుగుడు తోట ఉందా? పోనీ, కాలవ గట్టు మీద నాలుగు టేకు చెట్లైనా ఉన్నాయా? అయితే ఇదంతా మీకోసమే! వరికి సలహా చెప్పేవాళ్లు వీధికి పదిమంది. చెట్టుకు చెప్పేవాళ్లేరీ అనుకుంటున్నారు కదూ? ఉన్నారు! అడిగితే చాలు. చాలామంది పైసా పుచ్చుకోరు. అందరికంటే తేలిగ్గా దొరికే ఒక గురువు నంబరు చివర్లో చెబుతాను. అంతదాకా లేవకండి!

ముందు జేబుకు తగిలే రహస్యం! కలప కొనడానికి వచ్చినాయన టేపు తీస్తాడు. మాను చుట్టూ తిప్పుతాడు. వచ్చిన కొలతలో నాలుగో వంతు తీసుకుంటాడు. దాన్ని దాంతోనే హెచ్చవేస్తాడు. మళ్లీ పొడవుతో హెచ్చవేస్తాడు. ఇన్ని సీఎఫ్‌టీ, అంటే ఇన్ని ఘనపుటడుగులు అని చీటీ రాస్తాడు. హెచ్చవేతలో తప్పేమీ ఉండదు. కానీ ఆ లెక్కలో మీ గుండ్రటి మాను చదరమైపోయింది! మానులో ఉన్న కలపలో 78.5 శాతమే చీటీకెక్కింది!

నమ్మకం కుదరలేదా? మా మేనమామ గట్టు మీది టేకు అమ్మిన రోజు నేను పక్కనే ఉన్నాను. దుంగ పొడవు 10 అడుగులు, చుట్టుకొలత 40 అంగుళాలు. చీటీలో పడింది 6.9 సీఎఫ్‌టీ. బళ్లో నేర్చుకున్న స్తూపం సూత్రంతో నేను అదే చీటీ వెనక లెక్క కట్టాను. 8.8 వచ్చింది! మామయ్య చీటీ తిప్పి చూశాడు. మళ్లీ తిప్పి చూశాడు. "కోతలో చెక్కపేళ్లు పోతాయి కదండీ" అన్నాడు వచ్చినాయన. నిజమే, కొంత పోతుంది. అందుకే పుట్టిన లెక్క అది. అయినా ఏ కొలత మీద బేరం సాగుతోందో తెలిసి మాట్లాడటం వేరు! ఆ రోజు మామయ్య గొంతు మారింది. బేరమూ మారింది!

ఇంతకీ ఆ నాలుగో వంతు లెక్క ఎక్కడిదో తెలుసా? ఎడ్వర్డ్ హాపస్ అనే ఇంగ్లండు సర్వేయరు వేసిన పట్టికలది. ఆ పుస్తకం అచ్చయింది 1736లో! కృష్ణా మీద ఆనకట్ట కూడా లేని రోజులవి. ఆ లెక్కే ఇవాళ మన టేకు చీటీలో కూర్చుంది!

చెట్టు లావు ఎక్కడ కొలవాలి? మొదట్లోనా? కాదు! నేల నుంచి సరిగ్గా 1.37 మీటర్ల ఎత్తులో! అంటే నాలుగున్నర అడుగులు, మనిషి ఛాతీ ఎత్తు. అటవీ శాఖ కొలత అదే. నేల వాలుగా ఉంటే ఎగువ వైపున నిలబడి కొలవాలి. ఒక పాత నోటుబుక్కు తీసుకోండి. ఏటా సంక్రాంతికి అదే చోట టేపు పెట్టి అంకె రాయండి. మీ తోట గురించి అంతకంటే మంచి పుస్తకం ఎవరూ రాయలేరు!

ఎత్తు కొలవడానికి చెట్టెక్కాలా? అక్కర్లేదు! 1 కర్ర చాలు! మీ చెయ్యంత పొడవున్న కర్రను, చెయ్యి చాచి, నిటారుగా పట్టుకోండి. ఒక కన్ను మూయండి. కర్ర అడుగు చెట్టు మొదలుకూ, కర్ర కొస చెట్టు చిటారుకూ సరిపోయేదాకా వెనక్కి నడవండి. సరిపోయిందా? ఆగిపోండి. మీకూ చెట్టుకూ మధ్య ఎంత దూరమో, చెట్టు అంత ఎత్తు! పిల్లల చేత చేయించండి. ఎగిరి గంతేస్తారు!

ఇప్పుడు సరుగుడు దగ్గరకు వద్దాం. ఆ తోటలో సూదుల్లా రాలి పడేవి ఆకులు అనుకుంటున్నారా? కానే కావు! అవి పచ్చటి సన్నటి కొమ్మలు! ఒకటి తీసి రెండు చేతులతో లాగండి. కణుపు దగ్గర టక్కున ఊడి వస్తుంది. ఆ కణుపు చుట్టూ గోటి మొనకంటే చిన్న పళ్లు కనిపిస్తాయి. అసలు ఆకులు అవి! ఒక్కో కణుపుకు 6 నుంచి 8 దాకా ఉంటాయి. భూతద్దం ఉంటే పండగే!

మరో వింత! సరుగుడు తన ఎరువు తనే చేసుకుంటుంది! వేళ్లకు బుడిపెలు ఉంటాయి. వాటిలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి కాపురం. గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు పెడుతుంది. శాస్త్రవేత్తలు ఫ్రాంకియాను తొలిసారి విడిగా పెంచగలిగింది 1978లోనే! అందుకే నారుమడిలో పాత సరుగుడు తోట మట్టి గుప్పెడు కలపమంటారు. మట్టి కాదు అది, తోడు! పాలలో పెరుగు చుక్క లాంటిది!

మీటరుకో మొక్క చొప్పున నాటితే ఎకరంలో ఎన్ని పడతాయి? గట్టిగా ఊపిరి పీల్చుకోండి. 4,047! అదే రెండు మీటర్లకో మొక్క నాటితే? సగం అనుకుంటారు. కాదు, నాలుగో వంతు! దూరం రెట్టింపు చేస్తే సంఖ్య నాలుగో వంతుకు పడిపోతుంది. మొక్కలకు డబ్బు కట్టే ముందు ఈ చిన్న లెక్క వేసుకోండి. సరుగుడుకు సరిపోయే దూరం టేకును నలిపేస్తుంది!

1977 నవంబరు 19. దివిసీమను ఉప్పెన ముంచిన ఆ రోజు తలుచుకుంటే నేటికీ గుండె జారిపోతుంది. ఆ ఉప్పెనలో చెట్టును వాటేసుకుని బతికి బయటపడ్డవాళ్లున్నారు. గాలికి అడ్డంగా నిలిచిన చెట్ల వరుస ఎంత దూరం కాపాడుతుందో తెలుసా? తన ఎత్తుకు 15 నుంచి 20 రెట్ల దూరం వరకూ గాలి జోరు తగ్గిస్తుంది! అయితే ఆ వరుస గోడలా మూసుకుపోకూడదు. కొంత గాలిని వదలాలి. పూర్తిగా అడ్డుకుంటే గాలి పైనుంచి దూకి వెనకాల సుడి తిరుగుతుంది. కోడూరు, నాగాయలంక వైపు తోట వేసేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి!

ఇప్పుడు మన సుబాబుల్! కంచికచర్ల, జగ్గయ్యపేట మెరక రైతుల నేస్తం. దీని పుట్టిల్లు ఏది? మెక్సికో! అక్కడ రాజధానితో కలిపి 32 రాష్ట్రాలు. అందులో ఒకటి వహాకా. ఆ పేరు ఈ చెట్టు వల్లే వచ్చింది! అక్కడి పాత నాహువాట్ల్ భాషలో ఈ చెట్టు పేరు 'హువాషిన్'. అది పెరిగే చోటని ఊరికి ఆ పేరు పెట్టారు. మనకు చింతపల్లి, మామిడికుదురు ఉన్నట్టే!

సుబాబుల్ ఆకు పశువుకు మంచి మేతే. కానీ జాగ్రత్త! అందులో మైమోసిన్ అనే విషం ఉంది. గుర్రాలు మెక్కితే తోక వెంట్రుకలు ఊడిపోతాయి! ఆవులకు మొత్తం మేతలో 30 శాతం దాటనివ్వొద్దంటారు పశువైద్యులు. రొట్ట కోసి తెచ్చేటప్పుడు గడ్డి మూడు పాళ్లు, సుబాబుల్ ఒక పాలు వేయండి. నిశ్చింత!

మరి కొన్ని చోట్ల మేకలు అదే ఆకు ఎంత తిన్నా చెక్కుచెదరవేం? ఇది వింటే అబ్బురపడతారు! హవాయి దీవుల మేకల పొట్టలో ఒక సూక్ష్మజీవి ఉంది. ఆ విషాన్ని హాయిగా అరిగించేస్తుంది! రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త దాన్ని కనిపెట్టాడు. తమ దేశపు ఆవుల పొట్టలోకి ఎక్కించాడు. ఆవులు కుదుటపడ్డాయి! 1992లో ఆ జీవికి ఆయన పేరే పెట్టారు. సినర్జిస్టిస్ జోనెసీ!

జామాయిల్ మన దేశంలోకి ఎవరు తెచ్చారంటారు? కాగితం మిల్లులా? కాదు, టిప్పు సుల్తాన్! 1790 ప్రాంతంలో నంది కొండల తోటలో నాటించాడని చెబుతారు. ఆస్ట్రేలియా విత్తనాలు ఆ రోజుల్లోనే మైసూరు చేరాయన్నమాట!

ఒకే చెట్టును లక్ష చెట్లు చేయొచ్చని తెలుసా? భద్రాచలం దగ్గర సారపాక కాగితం మిల్లువాళ్లు 1989లో ఆ పని మొదలుపెట్టారు. తోటల్లో ఏపుగా పెరిగిన జామాయిల్ చెట్లను వెతికారు. వాటి కొమ్మ ముక్కలకు వేళ్లు తెప్పించారు. అవే క్లోన్లు! అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే లావు, ఒకే ఎత్తు! విత్తనం మొక్కల తోటలో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. క్లోన్ తోటలో వరసగా నిలబడ్డ కవాతే! కొనేటప్పుడు క్లోన్ నంబరు అడగండి. రసీదు మీద రాయించుకోండి. ఇది మాత్రం మరిచిపోవద్దు!

సరుగుడు క్లోన్లు ఎవరు తయారు చేస్తారు? కోయంబత్తూరులో 1988లో పెట్టిన అటవీ జన్యు పరిశోధన సంస్థ! మనకు ఇంకా దగ్గర్లో ఏముంది? హైదరాబాద్ శివారు దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది! ఇవి వనాధికారుల కోసమే అనుకుంటారు చాలామంది. రైతులకు శిక్షణ ఇవ్వడమూ వాటి పనే!

ఇక అసలు సిసలైన అద్భుతం! శ్రీగంధం నర్సరీకి వెళ్లండి. కవరు లోపలికి తొంగి చూడండి. గంధం మొక్క పక్కనే ఇంకో పచ్చటి మొక్క నేల మీద పాకుతూ ఉంటుంది. ఏమిటది? తుంచి చూడండి. పొన్నగంటి కూర! కలుపు అనుకుని పీకేశారో, గంధం నీరసిస్తుంది! గంధం చెట్టు పక్క మొక్కల వేళ్లలోకి తన వేళ్లు గుచ్చి నీళ్లూ సత్తువా లాగుతుంది. ఇలా 300 రకాలకు పైగా మొక్కల మీద ఆధారపడగలదు! చిన్నప్పుడు పొన్నగంటి. కాస్త పెరిగాక కంది. ఆపైన సరుగుడు. తోడు లేకుండా ఒంటరిగా గంధం వేసి, పెరగలేదని ఏడ్చినవాళ్లను చూశాను. ఎంత బాధేస్తుందో! ఆ ఒక్క ముక్క ఎవరో ముందే చెప్పి ఉంటే!

గంధం గింజ మొలవదని మొండికేస్తోందా? దానికీ ఒక మందుంది! జిబ్బరెల్లిక్ ఆమ్లం నీళ్లలో ఒక రాత్రి నానబెట్టాలి. బలం ఎంత? 500 పీపీఎం. అంటే లీటరుకు అర గ్రాము! అంత చిటికెడు పొడి నిద్రపోయే గింజను లేపేస్తుంది!

టేకు కాయ పగలగొట్టి చూశారా? లోపల 4 గదులు! ఒక్కో గదిలో ఒక విత్తనం ఉండొచ్చు. అన్ని గదులూ ఖాళీగానూ ఉండొచ్చు! అందుకే మొలక తక్కువ. చిట్కా ఏమిటంటే, రాత్రంతా నీళ్లలో నానేయండి. పగలంతా ఎండలో పోయండి. వారం పది రోజులు ఇదే ఆట! పెంకు మెత్తబడి మొలక బయటికొస్తుంది. అంత ఓపిక లేకపోతే బొటనవేలంత స్టంపులు కొనుక్కోవచ్చు!

వేపది పూర్తిగా తిరగబడ్డ కథ! వేప గింజకు దాచుకునే గుణం లేదు. 2, 3 వారాల్లో మొలిచే శక్తి పోతుంది! పండు రాలిందా, గుజ్జు కడగండి, నీడన ఆరబెట్టండి, వెంటనే నాటేయండి. వచ్చే ఏడు చూద్దాంలే అని డబ్బాలో పోస్తే మిగిలేది గుల్లే!

తాటి మొక్క నాటారు. అది పోతుతాడో పెంటితాడో ఎప్పుడు తెలుస్తుంది? 12 ఏళ్లు ఆగాలి! ఒక్కోసారి ఇంకా ఎక్కువ! పూత వస్తే గానీ గుట్టు విప్పదు. ముంజెల కోసం గట్టు మీద టెంక పాతిన తాతకు ఎంత ఓపికో చూడండి! మన డెల్టా గట్లన్నీ ఆ ఓపికే నిలబెట్టింది.

వెదురు చెట్టా, గడ్డా? గడ్డే! వృక్షశాస్త్రం ఎప్పుడో చెప్పింది. చట్టం మాత్రం ఒప్పుకోలేదు. 1927 నాటి అటవీ చట్టంలో వెదురు చెట్ల పద్దులో ఉంది. సొంత చేలో పెంచినా కొట్టాలంటే, తరలించాలంటే కాగితాలే! 2017లో ఆ మాట తీసేశారు. 90 ఏళ్ల తర్వాత గడ్డి మళ్లీ గడ్డయింది! పెంచేవాళ్ల భుజం మీంచి ఎంత బరువు దిగిందో!

ఆ గడ్డి పరుగు వింటారా? కొన్ని వెదురు జాతులు ఒక్క రోజులో 91 సెంటీమీటర్లు పెరిగిన రికార్డుంది! పొద్దున మోకాలి కింద ఉన్న పిలక మర్నాటికి నడుం దాటేస్తుంది!

ఎర్రచందనం దుంగను నీళ్లలో వేస్తే ఏమవుతుంది? తేలదు. రాయిలా మునిగిపోతుంది! అంత చేవ! మన రాయలసీమ, నెల్లూరు కొండలే దీని పుట్టిల్లు. దొంగరవాణా భయంతో దీని వ్యాపారం మీద 2004 నుంచి అంతర్జాతీయ నిఘా సమీక్ష సాగింది. 2023లో భారత్‌ను ఆ సమీక్ష నుంచి తప్పించారు! పట్టా భూముల్లో పెంచినవాళ్లకు అది పెద్ద ఊరట. ఒక్క హెచ్చరిక! మన నల్లరేగడి పల్లంలో నీళ్లు నిలిచేచోట దీన్ని వేయకండి. రాతి కొండల బిడ్డ అది. తడి కాళ్లతో బతకలేదు.

మరి నీళ్లు నిలిచే చోట ఏది? తెల్లమద్ది! పేరే ఏరుమద్ది అని కూడా. ఏటి ఒడ్డున పుట్టిన చెట్టు. దాని తోడుగా కానుగ! ఆ కానుగతో ఒక గూడెం ప్రపంచ బ్యాంకు దాకా వెళ్లిందని తెలుసా? అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు కానుగ నూనె తీశారు. డీజిలు బదులు ఆ నూనె వాడితే గాలికి ఎంత మేలో లెక్క కట్టారు. 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది! కానుగ గింజలు ఏరిన చేతుల్లో డాలర్లు!

కొండపల్లి బొమ్మ చేతిలోకి తీసుకోండి. ఎంత తేలికో! అది తెల్లపొణికి కర్ర. 400 ఏళ్లుగా ఆ బొమ్మలకు అదే ప్రాణం! కర్ర దొరకడం కష్టమైపోతోందని కళాకారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. విజయవాడకు కూతవేటు దూరంలో కొనేవాళ్లున్నారు. కంచె వారగా నాలుగు తెల్లపొణికి మొక్కలు వేసే రైతు ఎక్కడున్నాడా అని నేను వెతుకుతున్నాను!

నూజివీడు వీణకు ఏ చెట్టు కావాలి? పనస! 24 మెట్ల వెనక మోగేది పనస మానే! తినే పండు ఒక పంట. పాడే కర్ర ఇంకో పంట!

లావెక్కిన మాను బరువంతా ఎక్కడిది? మట్టిలోంచా? సుమారు 400 ఏళ్ల కిందట వాన్ హెల్మాంట్ అనే ఆయనకు ఇదే సందేహం వచ్చింది. తూచిన మట్టిలో చిన్న మొక్క నాటాడు. ఐదేళ్లు నీళ్లు పోశాడు. చెట్టు 164 పౌండ్లు బరువెక్కింది! మట్టి తగ్గింది రెండు ఔన్సులే! మిగతాదంతా గాలీ నీళ్లూ! ఈసారి కట్టెలు మోస్తున్నప్పుడు గుర్తు చేసుకోండి. మీ భుజం మీద ఉన్నది గాలి!

ఇక గురువుల వంతు. కృషి విజ్ఞాన కేంద్రం అనగానే వరి, పత్తి గుర్తొస్తాయి. చెట్ల ప్రశ్నలూ అక్కడ అడగొచ్చు! దేశంలో మొట్టమొదటి కేంద్రం పుదుచ్చేరిలో 1974లో పెట్టారు. మనకు జగ్గయ్యపేట పక్కన గరికపాడులో ఒకటి, ఘంటసాలలో ఒకటి. బస్సెక్కితే చాలు. చేతిలో ఎండిన ఆకు, సంచిలో గుప్పెడు మట్టి పట్టుకెళ్లండి. మాట కంటే ఆకు బాగా మాట్లాడుతుంది!

'అన్నదాత' వ్యవసాయ పత్రిక 'ఈనాడు' కంటే పెద్దదని తెలుసా? వయసులో! 1969లో పుట్టింది. దినపత్రిక వచ్చింది ఐదేళ్ల తర్వాత! తెలుగు లోగిళ్లలో అటక మీద పాత సంచికల కట్టలు ఇంకా ఉన్నాయి. దుమ్ము దులపండి. బంగారం!

విజయవాడ ఆకాశవాణి గొంతు విప్పింది 1948 డిసెంబరు 1న! అప్పటికి ప్రకాశం బ్యారేజీ లేదు. నాగార్జునసాగర్ లేదు. అక్షరం రాని రైతుకూ రేడియో పాఠం చెప్పింది. చెవి ఉంటే చాలు, బడిలో చేరినట్టే!

పొలంబడి తెలుసు కదా? బల్లలు లేవు, బెత్తం లేదు. గట్టు మీద గుమిగూడి, చూసి, తేల్చుకోవడమే! అది పుట్టింది 1989లో, ఇండోనేషియా వరి చేలల్లో. సుడిదోమను కట్టడి చేయడానికి! మరి చెట్ల తోటలో ఎందుకు పెట్టకూడదు? పక్క ఊళ్లో ఆరేళ్ల తోట ఉందా? పది మంది కలిసి వెళ్లండి. ఆ రైతు ఏ కొమ్మ కోశాడో, ఏ మోడుకు రెండు పిలకలే ఉంచాడో కళ్లారా చూడండి. తప్పు ఎక్కడ జరిగిందో కూడా అడగండి. మంచి మనసున్న రైతు దాచడు!

తోటి రైతు చెప్పిన మాటకు ఉన్న బలం ఎంతో లెక్క కట్టారు! డిజిటల్ గ్రీన్ అనే సంస్థ ఊరి రైతులతోనే చిన్న వీడియోలు తీయించింది. వాటిని ఊరందరికీ కలిపి చూపించింది. మామూలు శిక్షణతో పోలిస్తే పెట్టిన ఖర్చుకు 10 రెట్లు ఫలితం వచ్చిందని తేలింది! తెరమీద మన యాస, మన పొలం, మన పక్కింటి మనిషి. ఎవరు వినరు చెప్పండి?

గుంటూరు నుంచి నడిచే ప్రకృతి సాగు ఉద్యమానికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి వచ్చింది! మరో ఇద్దరితో కలిపి 10 లక్షల యూరోలు! ఒకే పొలంలో పంట, కూర, చెట్టు కలిపి పెంచే పద్ధతిని ఆ రైతులే ఒకరికొకరు నేర్పుకుంటారు. వెళ్లి అడిగితే కాఫీ ఇచ్చి మరీ చెబుతారు!

ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో మన చెట్ల వైద్యం దొరికిందంటే నమ్ముతారా? సురపాలుడి వృక్షాయుర్వేదం! అందులో 325 శ్లోకాలు! విత్తనశుద్ధి, గుంతల దూరం, చెట్ల జబ్బులు, మందులు, అన్నీ! 1996లో సికింద్రాబాద్ నుంచే దాని ఇంగ్లిషు అనువాదం అచ్చయింది. సముద్రాలు దాటి వెళ్లి మన గడపకే తిరిగొచ్చింది!

సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ పేరు విన్నారా? మన కోస్తా మొక్కల మీద మూడు సంపుటాలు తెచ్చాడు. 300 రంగుల బొమ్మలు! పక్కన తెలుగు పేర్లు! ఇంకో సంగతి వినండి. మన సోమిద చెట్టు శాస్త్రీయ నామం 'సోయ్‌మిడా'. ప్రపంచమంతా వాడే ఆ పేరు మన తెలుగు మాటే! పల్లెలో ఎవరో కట్టెలు కొట్టేవాళ్లు చెప్పిన పేరు శాస్త్రానికెక్కింది!

డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ మ్యూజియంలో ఒక దేవదారు మొద్దు ఉంది. దాని వలయాలు లెక్కబెట్టారు. 700 ఏళ్లు దాటాయి! ఉత్తరాది యాత్రకు వెళితే హరిద్వార్ నుంచి అటు ఒక్క పూట కేటాయించండి. కాకతీయుల కాలం నాటి చెట్టును చేత్తో తాకినంత దగ్గర!

ఫిన్లాండ్ జనాభా సుమారు 56 లక్షలు. అందులో అడవికి యజమానులు ఎంతమంది? 6 లక్షలకు పైనే! దాదాపు తొమ్మిదింట ఒకరు! అక్కడ సొంత అడవి ఉండటం మన దగ్గర సొంత మామిడితోట ఉన్నంత మామూలు. వాళ్ల సంఘాలే వాళ్లకు పాఠాలు చెప్పిస్తాయి!

పొలాల్లో చెట్ల పెంపకానికి జాతీయ విధానం తెచ్చిన మొట్టమొదటి దేశం ఏది? అమెరికా కాదు. జపాన్ కాదు. మనదే! 2014లో!

కానీ గొడ్డలి పట్టే ముందు ఆగండి! మన దగ్గర 2002 నుంచి నీరు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం ఉంది. సొంత చెట్టయినా కొన్నిటికి అనుమతి కావాలి. కొన్నిటికి అక్కర్లేదు. ఏది ఏ జాబితాలో ఉందో అటవీ రేంజి కార్యాలయంలో ముందే అడగండి. నరికాక అడిగితే లారీ రోడ్డు మీదే ఉండిపోతుంది!

ఆ లారీకి కావాల్సిన పాసు ఫోన్లోనే పెట్టుకోవచ్చని తెలుసా? 2023 డిసెంబరు 29న కేంద్రం దేశమంతటికీ ఒకే రవాణా పాసు విధానం మొదలుపెట్టింది. రాష్ట్రం దాటినప్పుడల్లా కొత్త కాగితం అన్న తిప్పలకు అది మందు!

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి. సైకిలు మీద ఒక పెద్దాయన. మెడలో చెట్లను కాపాడమనే పలక. జేబు నిండా గింజలు. వనజీవి రామయ్య! 1 కోటికి పైగా మొక్కలు నాటాడని పేరు! 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. పెద్ద చదువు లేదు. ఏ గింజ ఎప్పుడు రాలుతుందో, ఏ నేలలో మొలుస్తుందో మాత్రం వేళ్ల మీద చెప్పేవాడు!

సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో ఇంకో వింత. దుశర్ల సత్యనారాయణ సొంత భూమి. 70 ఎకరాలు! అందులో పంట లేదు. ఉన్నది అడవి! ఆయనే పెంచాడు. పండ్లు కోయడు, కలప అమ్మడు. అన్నీ పిట్టలకు, నెమళ్లకు, కోతులకు! సొంత అడవి ఎలా ఉంటుందో చూడాలంటే విజయవాడ నుంచి కొన్ని గంటల ప్రయాణం. అంతే!

ఇక దాచిపెట్టిన నంబరు. పెన్ను తీశారా? 1800 180 1551! కిసాన్ కాల్ సెంటర్. డబ్బు పడదు. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా పలుకుతుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు! సరుగుడు కొసలు ఎందుకు ఎండుతున్నాయి, టేకు ఆకు జల్లెడలా ఎందుకైంది, ఏదైనా సరే. ఫోన్ చేసే ముందు చెట్టు దగ్గరికి వెళ్లండి. ఆకు తిరగేసి చూడండి. మొదట్లో రంపపు పొట్టు లాంటిది రాలిందేమో వంగి చూడండి. ఛాతీ ఎత్తులో టేపు తిప్పి అంకె రాసుకోండి. అవతల వాళ్లు మొదట అడిగేవి అవే!